చక్రాల కుర్చీ వెనక మాస్టరు

షార్జాలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఏసురాజుని పేరు పెట్టి పిలిచేది నేనొక్కదాన్నే. మిగతా అందరికీ ఆయన మాస్టరు. ఆ పేరు ఎవరు పెట్టారో వాళ్ళనడిగితే తెలియదంటారు. నాకు తెలుసు, ఆయనే పెట్టుకున్నాడు. రాజోలు నుంచి వచ్చిన కొత్తలో క్రిస్మస్ ప్రాక్టీసు దగ్గర చేరి, "ఊళ్ళో అందరూ నన్ను మాస్టరనే అంటారండి ఆయ్" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఎవరో మొహమాటానికి ఒకసారి అన్నారు. తర్వాత అదే నిలిచిపోయింది. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, ఎవడు తనకి ఏ బిరుదు తగిలించుకుంటే ఆ బిరుదుతోనే పిలుస్తారు.

చేసే పని మాత్రం రోగుల్ని ఎత్తడం, దించడం, కడగడం, తినిపించడం. ఇళ్ళకి నర్సుల్నీ సహాయకుల్నీ పంపే కంపెనీ ఒకటుంది, మేమిద్దరం అందులోనే. నేను నర్సుని, ఆయన సహాయకుడు. ఆ పనిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అది లేకపోతే సగం మంది ముసలివాళ్ళు పుండ్లు పడి పోతారు. కానీ ఏసురాజుకి సిగ్గు. ఊరికి ఫోన్ చేసినప్పుడు "ఫిజియో డిపార్ట్‌మెంటంతా నేనే చూస్తున్నానండి" అంటాడు. పక్కనే గ్లవ్స్ విప్పుకుంటూ నేను వింటున్నానని తెలిసి కూడా అంటాడు. నాలుక్కి ఎముక లేదంటే ఏమిటో ఆయన్ని చూసి తెలుసుకున్నాను.

ఒక్కటి మాత్రం చేసేవాడు. వేసవి సెలవుల్లో సంఘం పిల్లలకి బైబిల్ బడి పెడతాం, వీబీఎస్ అంటాం. అందులో యాక్షన్ సాంగులు ఉంటాయి. పాటలో ప్రతి మాటకీ చేతులతో ఒక అభినయం. సూర్యుడంటే చేతులు పైకి, చేపంటే అరచేతులు కలిపి ఆడించడం, అలాంటివి. ఎవరో మద్రాసులో రాసినవే అందరూ నేర్పుతారు, ఏసురాజూ అవే నేర్పేవాడు. కరోనా ఏడాది మందిరం మూసేశారు. పిల్లలందరూ ఫోన్లలోనే బడి. అప్పుడు ఈయన సొంతంగా ఒకటి కట్టాడు.

"చిన్న దోనె నాది, పెద్ద గాలి వచ్చె
తెడ్డు పట్టు తండ్రీ, ఒడ్డు చేర్చు తండ్రీ"

ఎనిమిది మంది ఉండే గదిలో కింది మంచం మీద కూర్చుని, తల పైమంచానికి తగలకుండా వంచుకుని, నడుము పైభాగంతోనే అంతా చేశాడు. దోసిలి పట్టి గుండె దగ్గర ఊపితే దోనె. మోచేతులు మడిచి ముఖం చుట్టూ తిప్పితే గాలి. కళ్ళ మీద చెయ్యి పెట్టి దూరం చూస్తే ఒడ్డు. మా అమ్మాయి ఎలీనాకి అప్పుడు ఐదేళ్ళు. ఆ వీడియో పెడితే గానీ ముద్ద మింగేది కాదు. నేను మాత్రం కోతి చేష్టలనే అనేదాన్ని. ఇప్పుడూ పెద్దగా మాట మార్చుకోను.

ఇక రష్యా ఆయన సంగతి.

వాదిమ్ జరేచ్నీ అని, వాళ్ళ దేశంలో బ్యాలే నాట్యాలు కట్టడంలో మహా పేరున్న మనిషి. ముప్పైకి పైగా బ్యాలేలు, మెడ నిండా పతకాలు, ముగ్గురు భార్యలు. యుద్ధం మొదలైన ఏడాది మూడో భార్య లారిసా ఆయన్ని దుబాయ్ తీసుకొచ్చి జుమైరాలో విల్లాలో పెట్టింది. మరుసటి ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి వైపు పోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి, తల, సగం ముఖం మిగిలాయి. అప్పుడు మా కంపెనీ మమ్మల్నిద్దరినీ ఆ ఇంట్లో వేసింది. నేను మందులకీ బీపీకీ, ఏసురాజు ఎత్తడానికి, దించడానికి, కుర్చీ తోయడానికి.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతి అతిథికీ లారిసా ముందుగా టీవీ పెట్టేది. జరేచ్నీ గారి జీవితం మీద తీసిన సినిమా. కాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా అది మాత్రం తప్పదు. పెద్ద పెద్ద హాళ్ళు, మంచులో కార్లు, పూలగుత్తులు, ఈయన జుట్టు ఎగరేసుకుంటూ నడవడం. చూసి చూసి నాకు రష్యన్ వచ్చేస్తుందేమో అనిపించింది. అందులో ఒక్క చోటన్నా ఈయన కాలు కదిపి ఒక అడుగు వేసి చూపించడం నాకు కనపడలేదు. ఎప్పుడూ కుర్చీలో కూర్చుని వేలు చూపించడమే. ఇప్పుడూ కుర్చీయే గదా, చక్రాలొచ్చాయి, అంతే తేడా అనుకునేదాన్ని.

అలాంటి మనిషి చేత ఇంకో బ్యాలే కట్టిస్తామని ఒక కార్యక్రమాల కంపెనీ వచ్చింది. ముత్యాల కోసం సముద్రంలో మునిగే పాతకాలం వాళ్ళ కథ, పేరు "ముత్యపు నావ". మాట్లాడలేని ముసలాయనతో నాట్యం ఎలా కట్టిస్తారయ్యా అని ఒక్కరూ అడగలేదు. పోస్టరు మీద పేరుంటే చాలు వాళ్ళకి. లారిసా సంతకం పెట్టేసింది.

పోస్టర్లేమో దుబాయ్ నడిబొడ్డున షేక్ జాయెద్ రోడ్డు మీద. ప్రాక్టీసేమో సజ్జాలో, ఒక పక్క సిమెంటు గోదాము, ఇంకో పక్క లేబర్ క్యాంపు. ఏసీ సగమే పని చేసే రేకుల షెడ్డులో ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు కాళ్ళు గాల్లోకి లేపి నిలబడేవాళ్ళు. మేం కుర్చీ తోసుకెళ్ళి ముందు పెట్టేవాళ్ళం. మొదటి రోజు ముసలాయన ఎడమ చెయ్యి లేపాడు. కాస్త తిప్పాడు. దించాడు. మళ్ళీ లేపాడు. అందరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఎవరికీ ముక్క అర్థం కాలేదు.

లారిసా వెనక్కి తిరిగి ఏసురాజుని అడిగింది. నీళ్ళు కావాలన్నా పక్కకి తిప్పమన్నా ఆ చేతి సైగ ముందుగా పట్టేది ఆయనే. "ఏమంటున్నాడు?" అంది.

మా గోదావరి వాళ్ళకి ఒక జబ్బుంది. దారి అడిగితే తెలియదని మాత్రం చెప్పరు. తెలియకపోయినా సరే, చెయ్యెత్తి ఏదో ఒక వీధి చూపించి, "ఇలా తిన్నగా ఎల్లిపోండి" అంటారు. ఏసురాజు కుర్చీ పిడులు వదిలి ముందుకొచ్చాడు. దోసిలి పట్టాడు, గుండె దగ్గర పెట్టి ఊపాడు. మోచేతులు మడిచి గాలి తిప్పాడు. కళ్ళ మీద చెయ్యి పెట్టి దూరం చూశాడు. వీబీఎస్‌లో పిల్లలకి ఎలా చేస్తాడో అలాగే, ఒక్క పాట మాత్రం లేదు.

ముసలాయన ఏసురాజు వైపు చాలాసేపు చూశాడు. కళ్ళు చిన్నవయ్యాయి. తర్వాత ఎడమ చేతి బొటనవేలు పైకి లేపాడు. అది ఆయన "ఔను". అంతే, ఇరవై మంది దోసిళ్ళు పట్టారు.

వ్యానులో తిరిగొస్తూ కడిగిపారేశాను. "బుద్ధుందా నీకు? ఆయనేం చెప్పాడో నీకు తెలుసా అసలు?"

"తెలీదక్కా."

"మరి?"

"అడిగారు గదక్కా. అడిగినప్పుడు ఏదోటి సూపియ్యాలి గదా. ఆయన బాగుందన్నాడు గదా మరి."

"రేపు వాళ్ళకి తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి ఉద్యోగంలోంచి ఖలాస్ చేస్తారు."

"ఏం తెలుత్తాదక్కా? పడవ కత గదా. దోనెకి ఆళ్ళ దోనె, మన దోనె అని ఉంటాదేటి?"

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. వారం తిరిగేసరికి ఏసురాజు నల్ల టీషర్టు, మెడలో గుడ్డ. సజ్జా ఎండలో మెడకి గుడ్డ! కుర్చీ తోయడం నాకు వదిలేశాడు. ముసలాయన చెయ్యి కదపడమే ఆలస్యం, ఈయన ముందుకి దూకి ఒక అభినయం చూపించడం, ముసలాయన బొటనవేలు లేపడమో తల అడ్డంగా ఊపడమో. తల ఊపితే ఇంకోటి. అలా ఆ పాట పాటంతా, చరణాలతో సహా బ్యాలేలోకి ఎక్కించేశాడు. "యల్లా, యల్లా! ఏక్, దో, తీన్!" అని ఆ నాట్యం పిల్లల మీద కేకలు. వాళ్ళు కూడా మాస్టర్ మాస్టర్ అనడం మొదలుపెట్టారు. వాళ్ళకీ ఆయనే చెప్పుంటాడు.

ఒక ఇంగ్లీషు పేపరాయన వచ్చి చూసి వెళ్ళి రాశాడు. మాట పోయాక జరేచ్నీ గారి కళ కాళ్ళ నుంచి చేతుల్లోకి వచ్చిందట, జీవితమంతా వెతికిన సరళత ఆయనకి ఇప్పుడు దొరికిందట. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సరళత ఎక్కడ దొరికిందో తెలుసా బాబూ, షార్జా రోల్లాలో మంచం లెక్కన అద్దెకిచ్చే బెడ్‌స్పేస్‌లో, పైమంచం తలకి తగులుతుందని వంగి కూర్చున్నచోట.

ఒకరోజు తమారా అని పాత నర్తకి ఒకావిడ చూడ్డానికి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి, వెన్ను మాత్రం నిటారు. లారిసా టీవీ పెట్టింది. ఈయనకి బాగా పేరు తెచ్చిన "మంచు మీద వంతెన" వస్తుంటే, తమారా నా వైపు వంగి తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. ఆ వంతెన నాట్యం తనదేనట. ప్రాక్టీసు గదిలో తనే కట్టిందట. ఈయన కుర్చీలో కూర్చుని "చూపించు" అనేవాడట, చూపిస్తే నచ్చింది ఉంచేవాడు, నచ్చనిది పోనిచ్చేవాడు. అదే ఈయన పద్ధతి. ముప్పై బ్యాలేలూ అలాగే కట్టాడట.

"మరి మీ పేరు వేశారా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "నర్తకుల్లో వేశారు," అంది.

అప్పటికి గానీ ఆ బొటనవేలి సంగతి నాకు బోధపడలేదు. ఏసురాజు ముసలాయన్ని మోసం చేస్తున్నాడని ఇన్నాళ్ళూ నేను అనుకుంటున్నాను. మోసమూ లేదు, మన్నూ లేదు. మొదటి రోజే ఆయనకి అంతా తెలిసిపోయింది. ఎవడో ఒకడు ముందుకొచ్చి చూపిస్తున్నాడు, తను ఏరుకుంటున్నాడు. జబ్బు పడకముందు ఎలా చేశాడో ఇప్పుడూ అదే. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! ఆ మహానుభావుడి ముందు మా రాజోలు మాస్టరు ఒట్టి పసిపిల్లాడు.

ఈ మాట ఏసురాజుతో చెప్పాను. "నీ పేరు వెయ్యరు, చూసుకో. ఈ ముసలాయన ఎవరి పేరూ వేసే రకం కాదు," అన్నాను.

మామూలుగా అయితే నవ్వి గొప్పలు పోయేవాడు. ఆ రోజు పోలేదు. వంటింట్లో ముసలాయన సూపు చల్లారబెడుతూ, గిన్నె కిందపెట్టి నా వైపు తిరిగాడు. "లేదక్కా, మేడమ్‌ని అడిగాను. ఆట రోజు పంచే పుత్తకంలో ఎయ్యమన్నాను. పెద్దగా కాదు. ఆయన పేరు కింద సిన్న అచ్చరాల్తో, ఏసురాజు అని. అంతే."

"ఏమంది?"

"సూద్దాం అన్నాది."

"చూద్దామంటే వెయ్యరనే అర్థం."

"ఎందుకెయ్యరు? నాది గదక్కా అది. ఊళ్ళో సెప్పుకునేయన్నీ ఉత్తుత్తయ్యే, నీకు తెలుసు. ఇది మాత్తరం నేను కట్టిందే. మా అమ్మకి ఆ పుత్తకం పంపాలక్కా. ఆవిడ సదవలేదు గానీ పేరు గుర్తుపడతాది."

నేను తల తిప్పుకున్నాను. ఆ మనిషి మీద జాలిపడే ఓపిక నాకు లేదు. కానీ ఆ ముక్క నిజం. ఈ భూమ్మీద ఏసురాజు చెప్పుకున్న గొప్పలన్నిటిలో ఆ ఒక్కటే నిజమైనది.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకుంటే ఏసురాజు ఎందుకవుతాడు? ఖాళీ సీట్లు కనపడకూడదని కంపెనీ వాళ్ళు ఉచితంగా పాసులు పంచితే, ఒక కట్ట తెచ్చి సంఘంలో పంచాడు. ఆరాధన అయ్యాక లేచి నిలబడి, "నా బ్యాలే చూడ్డానికి అందరూ రావాలండి, పుస్తకంలో నా పేరుంటాది చూడండి" అని ప్రకటన కూడా చేశాడు. పాస్టర్ సిలాస్ గారు ప్రభువుకి స్తోత్రమన్నారు. పిల్లలకి పాసులు ఇవ్వొద్దురా అని నేను మొత్తుకున్నాను. వింటేనా! "మన పిల్లలు సూడకపోతే ఎవరు సూత్తారక్కా" అన్నాడు.

ఫిబ్రవరిలో ఖోర్ ఫక్కాన్‌లో సముద్రానికి ఎదురుగా మెట్ల రంగస్థలంలో ప్రదర్శన. మందిరం దగ్గర బస్సు పెట్టారు. కొండల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల అరుపులు, పులిహోర పొట్లాలు, వాంతులు. నేను ముసలాయనతో వ్యానులో ముందే వెళ్ళాను. మెట్ల దగ్గర కార్యక్రమం పుస్తకాలు పంచుతున్నారు. ఏసురాజు ఒకటి తీసుకుని పక్కకెళ్ళి మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి తిప్పాడు. దీపాలు పట్టినవాడి పేరుంది. బూట్లు కుట్టినవాడి పేరుంది. నర్తకులకి భోజనం పెట్టిన హోటలు పేరూ ఉంది.

పాస్టరు గారు అడిగారు. "ఏది మాస్టరూ, మీ పేరెక్కడ?"

"ఇది మొదటి అచ్చండి. రెండో అచ్చులో ఏత్తారంట," అన్నాడు ఏసురాజు. అంత వేగంగా అబద్ధం ఎక్కడి నుంచి వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

మొదటి అంకం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మనవాళ్ళు సగం మంది కునుకు తీశారు. రెండో అంకంలో తుఫాను. నీలం దీపాలు. నర్తకులందరూ వరసగా నిలబడి దోసిళ్ళు పట్టి గుండెల దగ్గర ఊపారు. నేను రంగస్థలం పక్కన ముసలాయన కుర్చీ దగ్గరున్నాను, పిడుల మీద ఏసురాజు చేతులు. పైమెట్ల మీద కదలిక కనపడింది. ముందు మా ఎలీనా లేచింది. తర్వాత ఇద్దరు. తర్వాత పిల్లలందరూ. యాక్షన్ సాంగు వస్తే కూర్చోకూడదు, లేచి నిలబడి చెయ్యాలి, గట్టిగా పాడాలి. అది వాళ్ళకి నేర్పిందెవరు? ఈ మహానుభావుడే.

"చిన్న దోనె నాది, పెద్ద గాలి వచ్చె!"

కంఠాలెత్తి పాడుతున్నారు. కింద రంగస్థలం మీద మోచేతులు మడిచి గాలి తిప్పితే పైన మెట్ల మీదా అదే గాలి. కింద తెడ్డు వేస్తే పైనా తెడ్డు. ఒక్క అభినయం కూడా తప్పలేదు. పాస్టరమ్మ గారు ఒకళ్ళని చెయ్యి పట్టి లాగి కూర్చోబెడితే ఇంకొకళ్ళు లేచారు. ముందు వరసల్లో కూర్చున్న గొప్పవాళ్ళు వెనక్కి తిరిగారు. మా పని అయిపోయిందనుకున్నాను. అందరూ ఫోన్లు బయటికి తీశారు, తీసి చప్పట్లు కొట్టారు. ఆటలో భాగమనుకున్నారు! బుర్రలో గుజ్జున్న ఒక్కరు కూడా ఆ జనంలో లేరు.

ఆట అయిపోయాక కార్యక్రమాల కంపెనీ మేనేజరు, ఇక్కడ ముదీర్ అంటారు, మైకు పట్టుకుని రంగస్థలం మీదికొచ్చాడు. ముసలాయన్ని కుర్చీతో సహా మధ్యకి తోయించారు. తోసింది ఏసురాజే. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ముదీర్ ముఖం వెలిగిపోతోంది. పిల్లల చేత పాడించిన ఆలోచన ఎవరిదో ఆయనకీ తెలియదు. లారిసాని అడిగాడు. ఆవిడకి దొంగకి తేలు కుట్టినట్టయింది. ఆ పిల్లలు ఏసురాజు తెచ్చినవాళ్ళని పక్కనున్న ఎవరో చెబితే, ముదీర్ ఆయన నోటి దగ్గర మైకు పెట్టాడు. "మీకు ఆ పిల్లలు తెలుసట గదా? వాళ్ళకి ఈ నాట్యం ఎలా వచ్చు? ఇది ఎవరిది?"

మైకులో ఆ ప్రశ్న మెట్లన్నిటికీ వినపడింది. మా సంఘమంతా ముందుకి వంగింది. ఎలీనా ఇంకా నిలబడే ఉంది, నవ్వుతోంది. అంకుల్ ఇప్పుడు తన పేరు చెబుతాడని దానికి సందేహమే లేదు. నేను పక్కన నిలబడి మనసులో, చెప్పరా, చెప్పు, అంటున్నాను. జన్మంతా లేనివి చెప్పావు, ఉన్నది ఒక్కటి చెప్పు. నోరుందిగా నీకు, అదొక్కటే గదా నీకున్నది.

ఏసురాజు లారిసా వైపు చూశాడు. ఆవిడా ఆయన్నే చూస్తోంది. ముసలాయన వైపు చూశాడు. ముసలాయన ఎదురుగా సముద్రం చూస్తున్నాడు.

"సర్‌వి," అన్నాడు ఏసురాజు ఇంగ్లీషులో. "అన్నీ సర్ స్టెప్పులే. ప్రాక్టీసులో చూసి నేర్చుకుని వెళ్ళి మా పిల్లలకి నేర్పాను. తప్పయితే క్షమించండి."

జనం ఓహో అన్నారు. పేదపిల్లల దాకా వెళ్ళిన మహాకళ అని ముదీర్ ఏదో అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ముసలాయన ఎడమ చెయ్యి పైకి లేచింది. ఒక్క క్షణం, వేలు ఏసురాజు వైపు చూపిస్తాడేమో అనుకున్నాను. నాదే బుద్ధితక్కువ. బొటనవేలు లేపి జనానికి చూపించాడు.

దిగొచ్చాక ఏసురాజుని పట్టుకుని అడిగాను. "ఎందుకురా అలా అన్నావు?"

"ఉద్యోగం పోద్ది గదక్కా."

"నీది కాని ఫిజియో డిపార్ట్‌మెంటు నీదన్నప్పుడు ఉద్యోగం గుర్తురాలేదా?"

"అది ఎవరూ నమ్మరు గదక్కా," అన్నాడు. "ఇది నమ్ముతారేమోనని బయమేసింది."

ఛీ అన్నాను. ముఖం మీదే అన్నాను. కుర్చీ మడిచి వ్యానులో పెట్టాడు.

ఏప్రిల్‌లో ముసలాయన పోయాడు. పేపర్లలో పేజీలకి పేజీలు. జరేచ్నీ జీవితంలో మూడు దశలున్నాయట, మూడోదే గొప్పదట, దాని పేరు చేతుల దశట. లారిసా ఆ బ్యాలేని ఇంకో రెండు దేశాలకి పంపింది. మమ్మల్ని కంపెనీ వేరే వేరే ఇళ్ళలో వేసింది. ఏసురాజు ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ముసలి హాజీ గారికి స్నానాలు చేయిస్తున్నాడు. అక్కడా ఏదో డిపార్ట్‌మెంటు చూస్తున్నానని చెప్పుకుంటూనే ఉంటాడు.

జూలైలో మళ్ళీ వీబీఎస్ వచ్చింది. సంఘంలో ఇంకా మాస్టరనే పిలుస్తున్నారు, నోటికి అలవాటైన మాట గదా. మొదటి రోజు నేను టీ పోస్తూ గుమ్మంలో నిలబడ్డాను. ఏసురాజు పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఏమీ జరగనట్టే, "రండి, మన దోనె పాట చేద్దాం" అన్నాడు. దోసిలి పట్టి గుండె దగ్గర పెట్టాడు. పాట ఎత్తుకున్నాడు.

పిల్లలెవరూ చేతులు లేపలేదు. అల్లరిగా కూడా లేరు. బుద్ధిగా, చేతులు కిందికి పెట్టుకుని నిలబడ్డారు. ఏసురాజు మళ్ళీ ఎత్తుకున్నాడు. మా ఎలీనా ఒకడుగు ముందుకొచ్చింది. వెటకారం దానికి రాదు, నా కడుపున ఎలా పుట్టిందో గానీ. మర్యాదగా అడిగింది.

"అంకుల్, అది రష్యా తాతగారిది కదండీ. మీరే చెప్పారు కదా మైకులో. వాళ్ళది మనం చెయ్యకూడదు కదా. మనదేదైనా నేర్పండి."

దోసిలి అలాగే ఉంది. కింద పెట్టడం మరచిపోయినట్టు అలాగే పట్టుకుని, నా వైపు చూశాడు, నేనేమైనా చెబుతానేమోనని. అది మీ అంకుల్‌దేనే అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనబోయాను కూడా. ఏసురాజు తల అడ్డంగా ఊపాడు.

"అవునమ్మా, ఆయనదే," అన్నాడు. "కూకోండి. ఇయ్యాల్టికి పాట లేదు, కత సెప్తాను."